గిన్నె కొనేముందు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. లక్ష్యసాధన గురించి, సమయపాలన గురించి, మహనీయుల జీవితాల గురించి రాసేవాళ్ళు ప్రతి సంచికలోనూ ఉంటారు. అవి చదివే మేమూ పెద్దవాళ్ళమయ్యాం. అందుకే మేము ముగ్గురం కలిసి, ఎవరూ రాయని ఒక విషయం రాద్దామనుకున్నాం. అది వంట గిన్నెల విషయం. ఇదేం విషయం అని నవ్వుకోకండి. హాస్టల్ గేటు దాటి సొంతంగా గది తీసుకున్న తొలి వారంలోనే ఈ విషయం ప్రతి ఒక్కరికీ ఎదురవుతుంది. ఆ సంగతి మీ సీనియర్లలో ఎవరినడిగినా చెబుతారు.

హాస్టల్లో ఉన్నన్నాళ్ళు మనకు తెలిసింది పళ్ళెం ఒక్కటే. గంట కొట్టగానే పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడతాం. వంటగదిలో ఆ పెద్ద పెద్ద డేగిసాలు ఏ లోహంతో చేశారో, ఎన్నేళ్ళ నుంచి ఉన్నాయో మనం పట్టించుకోం. కాకతీయ విశ్వవిద్యాలయంలో పి.జి. సీట్లు వచ్చాక హన్మకొండలో ముగ్గురం కలిసి ఒక గది తీసుకున్నాం. మా మూడు ఇండ్లల్లోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. కాబట్టి గది ఎట్లా తీసుకోవాలి, సామాను ఏం కొనాలి అని చెప్పే అన్నలు ఇంట్లో లేరు. ముగ్గురి దగ్గర కలిపి వంట సామానుకు 3,600 రూపాయలు ఉన్నాయి. ఆ డబ్బుతో రెండేళ్ళు కాదు, ఉద్యోగం వచ్చేదాకా, వీలైతే ఆ తర్వాత కూడా పనికొచ్చేవి కొనాలని మా పట్టుదల.

మొదట బెల్లంపల్లిలోని మా ఇండ్ల వంటగదులను ఒకసారి కొత్త కళ్ళతో చూశాం. 1889లో ఇల్లందు దగ్గర మొదలైన సింగరేణి బొగ్గు తవ్వకం తర్వాతి కాలంలో గోదావరి లోయ వెంట మన ఊరిదాకా వచ్చింది. బాయి పనికి వచ్చినవాళ్ళతోనే మన బస్తీలు పెరిగాయి. అందుకే మన ఇండ్లల్లో చాలాకాలం వంట బొగ్గు పొయ్యి మీదే జరిగింది. బొగ్గు సెగ మామూలు సెగ కాదు. మా నాయనమ్మలు గిన్నె పొయ్యిమీద పెట్టేముందు అడుగుకు మట్టి పూసేవాళ్ళు. మసి మట్టికి పట్టి, కడిగితే సులువుగా పోయేది. సన్నటి సిల్వర్ గిన్నెలు ఆ సెగకు అడుగు సాగి, గుంట పడి, చివరికి చిల్లు పడేవి. అప్పుడు వీధిలోకి వచ్చే మాట్లు వేసేవాళ్ళను పిలిచి మాటు వేయించేవాళ్ళు. మాటు మీద మాటు పడ్డ గిన్నె మా ఇండ్లల్లో ఇప్పటికీ ఒకటి ఉంది. 1999లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు రావడం మొదలయ్యాక పొయ్యి మారింది. కానీ గిన్నెలు చాలామంది ఇండ్లల్లో అవే ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనం 'సిల్వర్' అంటున్నది వెండి కాదు, అల్యూమినియం. కొందరు సత్తు అని కూడా అంటారు. పేదవాళ్ళ ఇండ్లల్లోకి ఇదే ఎక్కువగా ఎందుకు వచ్చిందంటే అది తేలిక, చవక, తొందరగా వేడెక్కుతుంది. వేడిని తీసుకుపోవడంలో అల్యూమినియం స్టెయిన్‌లెస్ స్టీలు కంటే సుమారు 15 రెట్లు మేలు. కావున దాన్ని తక్కువ చేసి మాట్లాడటం తప్పు. ఇబ్బంది రెండు చోట్ల ఉంది. ఒకటి, రేకు సన్నగా ఉంటే సొట్టలు పడుతుంది. రెండు, పులుపు పడదు. చింతపండు పులుసు, టమాట చారు, మామిడికాయ పప్పు అందులో రాత్రంతా ఉంచితే లోహం కొంత కూరలోకి దిగుతుంది. గిన్నె లోపల నల్లబడటం, చిన్న చిన్న గుంటలు పడటం మనందరం చూసిందే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కూడా పుల్లటి పదార్థాలను అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిల్వ ఉంచొద్దని చెప్పింది.

మా ఇండ్లల్లో ఇత్తడి కూడా ఉండేది. అయితే అది వంటకు తక్కువ, ఆపదకు ఎక్కువ. పెండ్లికి పెట్టిన ఇత్తడి గంగాళం, బిందె మా అమ్మలకు బ్యాంకు ఖాతా లాంటివి. మాలో ఒకరి ఇంటర్ ఫీజు ఆ గంగాళం కుదువ పెడితే వచ్చిన డబ్బే. అది రెండేళ్ళ తర్వాత విడిపించుకుని తెచ్చిన రోజు అమ్మ దాన్ని చింతపండుతో తోమి, వాకిట్లో ఎండలో పెట్టి చాలాసేపు చూసింది. ఇత్తడి, రాగి పాతబడినా ధర పలుకుతాయి. అల్యూమినియం తుక్కుకు కూడా కొంత ధర ఉంటుంది. స్టీలు మాత్రం కొన్నంత ధర తిరిగి ఇవ్వదు, దాన్ని వాడుకుని లాభం పొందాల్సిందే. కొనేముందు ఈ తేడా కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇత్తడి, రాగి పాత్రల్లో వండాలంటే లోపల కళాయి ఉండాలి. గిన్నెను వేడి చేసి, నవాసారం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా పూస్తారు. తగరం 232 డిగ్రీల వేడికే కరుగుతుంది కాబట్టి కళాయి పాత్రను ఖాళీగా పొయ్యిమీద పెట్టకూడదు, తాలింపులకు వాడకూడదు. మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఓజా కళాకారులు మైనం అచ్చులతో ఇత్తడి బొమ్మలు, గంటలు పోస్తారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత గొప్ప లోహ విద్య మన పక్కనే ఉంది. కానీ కళాయి పోసేవాళ్ళు ఊళ్ళోకి రావడం తగ్గిపోయింది. కళాయి వేయించుకునే వీలు లేని విద్యార్థి గదికి ఇత్తడి గిన్నె సరిపోదని మేము నిర్ణయించుకున్నాం.

గిన్నెల గురించి రాస్తూ ఇంకొక విషయం రాయకుండా ఉండలేం. మా నాయనమ్మలు పెద్దోళ్ళ ఇండ్లకు పనికి పోయినప్పుడు తమ గిన్నె తాము తీసుకుపోయేవాళ్ళు. అన్నం, కూర పైనుంచి వేసేవాళ్ళు, గిన్నెకు గరిటె తగలకుండా. నీళ్ళు దోసిట్లో పోసేవాళ్ళు. పని అయ్యాక ఆ గిన్నె ఇంట్లోకి పోదు, చూరులోనే ఉంటుంది. చాయ్ హోటళ్ళలో మనవాళ్ళ గ్లాసులు వేరు. రెండు గ్లాసుల పద్ధతి అని పుస్తకాల్లో చదివేదాకా దానికి ఒక పేరుందని కూడా మాకు తెలియదు. 1927 మార్చి 20న డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగింది ఎందుకో, రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని ఎందుకు రద్దు చేసిందో మాకు ముందు నాయనమ్మ గిన్నె చెప్పింది, తర్వాతే పాఠం చెప్పింది. హాస్టల్లో అందరం ఒకే రకం పళ్ళేల్లో, ఒకే డేగిసా అన్నం తిన్నాం. ఎవరి పళ్ళెం ఎవరిదో తెలియనంతగా కలిసిపోయాయి. ఆ సమానత్వం మనకు మామూలుగా కనిపిస్తుంది గానీ దాని వెనుక చాలా పెద్ద పోరాటం ఉంది. కాబట్టి మా పేరు మీద మేము కొనుక్కునే గిన్నె మాకు చిన్న విషయం కాదు.

ఇక కొనుగోలు సంగతికి వద్దాం. సామాన్లు హన్మకొండలో కాకుండా బెల్లంపల్లి బజారులోనే కొన్నాం. మాతో పాటు మా అమ్మలూ వచ్చారు. దుకాణంలో తళతళ మెరిసేవి ముందు వరుసలో పెడతారు. మా చెయ్యి అటే పోయింది. అప్పుడు ఒక అమ్మ అంది: "బిడ్డా, గిన్నె కొంటే అడుగు జూసి కొనాలె. మెరుపు రెండు తోముళ్ళకే పోతది, అడుగే ఉంటది." ఆ ఒక్క మాట మీదే ఆ రోజు బేరమంతా నడిచింది.

అడుగు చూడటం అంటే ఇట్లా. గిన్నెను అద్దపు బల్ల మీద పెట్టి వేలితో అంచు నొక్కాలి. ఊగితే అడుగు సమంగా లేదని అర్థం. గ్యాస్ పొయ్యి మీద అది ఒక పక్కే మాడుతుంది. తర్వాత చేత్తో ఎత్తి చూడాలి. ఒకే సైజు రెండు గిన్నెల్లో బరువైనది రేకు మందంగా ఉన్నది. అంచు లోపలికో బయటికో మడిచి ఉండాలి, మడత లేని అంచు చెయ్యి కోస్తుంది, తొందరగా వంగుతుంది. పిడి చూడాలి. రివెట్లు కొట్టిన పిడి వదులైతే మళ్ళీ బిగించుకోవచ్చు. చుక్కల్లాగా అతికించిన పిడి ఊడితే గిన్నె మూలకు పడుతుంది. మూత పెట్టి చూడాలి. మూత సరిగ్గా కూర్చుంటే గ్యాస్ ఆదా అవుతుంది.

స్టీలు విషయంలో అయస్కాంతం పరీక్ష గురించి చాలామంది చెబుతారు. మేమూ జేబులో ఒక అయస్కాంతం ముక్క వేసుకునే పోయాం. 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, దానికి అయస్కాంతం అంటదు. కానీ నికెల్ తక్కువగా ఉండే 200 వరుస చవక స్టీలుకు కూడా అంటదు. కాబట్టి అంటకపోవడం ఒక్కటే రుజువు కాదు. గిన్నె అడుగున రకం, తయారీదారు పేరు, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నాయేమో చూడాలి. స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఈ గుర్తు తప్పనిసరి చేస్తూ 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. స్టీలుకు పులుపు భయం లేదు, ఎన్నేళ్ళయినా ఉంటుంది. దాని లోపం వేడి సమంగా పాకకపోవడం. సన్నటి స్టీలు గిన్నెలో పప్పు, పాలు అడుగంటడానికి కారణం అదే. అందుకే వండటానికి మందపు అడుగున్న స్టీలు, వడ్డించడానికి, నిల్వకు మామూలు స్టీలు అని విడదీసుకోవాలి.

కుక్కరు దగ్గర మాత్రం చవక చూడొద్దు. లోపల ఆవిరి ఒత్తిడితో నీళ్ళు సుమారు 120 డిగ్రీలదాకా వేడెక్కుతాయి. అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది, అందుకే ప్రమాదమూ ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి ఇంటి కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. గుర్తు లేని కుక్కరు ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. రబ్బరు, సేఫ్టీ వాల్వు మన ఊళ్ళో దొరికే రకమా అని అడిగి తెలుసుకోవాలి. మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. పప్పయితే సగమే. ముగ్గురికి 5 లీటర్ల కుక్కరు సరిపోయింది.

ఇనుప మూకుడు, రొట్టెల పెంక మాకు అన్నిటికంటే ఎక్కువ లాభమిచ్చాయి. ఇనుము బరువు, నెమ్మదిగా వేడెక్కుతుంది, కానీ ఆ వేడిని నిలుపుకుంటుంది. కొత్తది కొన్నాక బాగా కడిగి, ఆరబెట్టి, పలుచగా నూనె రాసి పొయ్యిమీద పొగ వచ్చేదాకా కాల్చాలి. ఇట్లా నాలుగైదు సార్లు చేస్తే నల్లటి పొర కడుతుంది. ఆ తర్వాత దోసె కూడా అంటకుండా లేస్తుంది. వాడిన వెంటనే కడిగి తుడవాలి, తడిగా వదిలితే తుప్పు పడుతుంది. ఇనుప మూకుట్లో వండితే కొంత ఇనుము కూరలో చేరుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మూకుడు మందుకు బదులు కాదు. కానీ తోటకూర వేపుడు ఇనుములో చేసుకుంటే నష్టమేమీ లేదు.

నాన్‌స్టిక్ పెనం వైపు మేము చూడలేదు. అది చెడ్డదని కాదు. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే శాస్త్రవేత్త కనుగొన్న పదార్థమే ఆ పూత. తక్కువ నూనెతో వండవచ్చు. కానీ చెక్క గరిటె వాడాలి, ఇనుప పీచుతో తోమొద్దు, ఖాళీ పెనం ఎక్కువసేపు కాల్చొద్దు. ముగ్గురు మనుషులు వంతులవారీగా తోమే గదిలో ఇన్ని నియమాలు నిలబడవు. పూత గీరుకుపోయిందంటే ఆ పెనం పని అయిపోయినట్టే.

మట్టికుండ ఒకటి తీసుకున్నాం, పులుసులకు. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, మరునాడు గంజి కాచి వాడటం మొదలుపెట్టాం. పులుపుకు ఏమీ కాదు, వేడి చాలాసేపు ఉంటుంది. పగిలితే పోయేది తక్కువే. సన్న సెగ మీద వండాలి, వేడి కుండలో చల్లనీళ్ళు పోయొద్దు. కుమ్మరి దగ్గర కొనేటప్పుడు వేలితో కొట్టి చూడాలి. ఖంగుమంటే బాగా కాలిన కుండ, బొద్దు శబ్దం వస్తే ఎక్కడో పగులు ఉన్నట్టు. లోపల రంగు, మెరుపు పూసిన కుండలు వంటకు తీసుకోవద్దు.

చవక, ఖరీదు అనేది ధరలో లేదు, ఏళ్ళలో ఉంది. ఉదాహరణకు 250 రూపాయల సన్న గిన్నె రెండేళ్ళు వచ్చిందనుకుందాం. ఏడాదికి 125 రూపాయలు పడుతుంది. 700 రూపాయల మందపు గిన్నె 15 ఏళ్ళు వస్తే ఏడాదికి 47 రూపాయలే. అయితే 700 ఒకేసారి చేతిలో ఉండటమే పేదవాడికి కష్టం. మా అమ్మలు సన్న గిన్నెలు కొన్నది తెలివి లేక కాదు, ఒక్కసారి అంత డబ్బు చేతిలో లేక. పాత బట్టలిచ్చి స్టీలు గిన్నె తీసుకున్నదీ అందుకే. ఇది అర్థమైన రోజు మాకు అర్థశాస్త్రంలో ఒక అధ్యాయం చదివినట్టనిపించింది. మేము ముగ్గురం డబ్బు కలపడం వల్లనే మందపు గిన్నెలు కొనగలిగాం. కలిసి ఉంటే కలిగే లాభం హాస్టల్ మాకు నేర్పిందే.

చివరికి మేము తీసుకున్నవి ఇవి: ఐ.ఎస్.ఐ. గుర్తున్న 5 లీటర్ల అల్యూమినియం కుక్కరు, ఇనుప మూకుడు, రొట్టెల పెంక, మందపు అడుగు స్టీలు గిన్నె ఒకటి, మూతలున్న స్టీలు గిన్నెలు రెండు, గరిటెలు, పట్కారు, మట్టికుండ. పళ్ళేలు, గ్లాసులు ఇంటినుంచి తెచ్చుకున్నాం. ఇంకా కొంత చిల్లర మిగిలింది. పేరు కొట్టే ఆయన "ఎవరి పేరు కొట్టమంటరు?" అని అడిగితే ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుని, ముగ్గురి అమ్మల పేర్లలో మొదటి అక్షరాలు కొట్టమన్నాం. అమ్మలు "మా పేర్లెందుకురా?" అని సిగ్గుపడ్డారు. కానీ గిన్నె తిప్పి ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకున్నారు. వాళ్ళలో ఇద్దరికి చదవడం రాదు.

ఇంటి గిన్నెలు మార్చడం మాత్రం గది గిన్నెలు కొన్నంత సులువు కాలేదు. ట్యూషన్ చెప్పగా వచ్చిన డబ్బుతో ఒక అమ్మకు మంచి స్టీలు గిన్నె కొనిస్తే, "సుట్టాలొచ్చినప్పుడు తీస్త" అని అటక మీద పెట్టింది. ఆమె పులుసు ఇంకా ఆ పాత సిల్వర్ గంజులోనే. వాదిస్తే, "గీ గంజులనే వండి నిన్ను పెంచిన, ఏమైంది నీకు?" అని అడిగింది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. చాలా రోజుల తర్వాత సగం ఒప్పుకుంది. వండటం గంజులోనే, దించగానే పులుసు స్టీలు గిన్నెలోకి తీయడం. మిగతా సగం కోసం మేము తొందరపెట్టడం లేదు. పుస్తకం చదివి వచ్చి తల్లి వంటగదికి పరీక్ష పెట్టే హక్కు మనకు లేదు. తెలిసింది మెల్లగా చెప్పగలం, అంతే.

తమ్ముళ్ళారా, మీరు కూడా రేపు ఏదో ఒక ఊళ్ళో గది తీసుకుంటారు. మంచిర్యాల, కరీంనగర్, హన్మకొండ, హైదరాబాద్, ఎక్కడికి పోయినా మొదటి నెల డబ్బు కటకటగానే ఉంటుంది. అప్పుడు ఒక్కరే కొనకండి, ఇద్దరు ముగ్గురు కలిసి కొనండి. తక్కువ కొనండి, గట్టివి కొనండి. మొదట కుక్కరు, మూకుడు, ఒక మంచి గిన్నె చాలు. మిగతావి చేతిలో డబ్బు ఆడినప్పుడు ఒక్కొక్కటిగా వస్తాయి. వండటం నేర్చుకోండి. అది ఆడవాళ్ళ పని అనుకునేవాళ్ళు మనలో ఎవరూ ఉండకూడదు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. ఉద్యోగాలొచ్చి ఇండ్లు మారేటప్పుడు మీ గది గిన్నెలు తుక్కుకు వేయకండి. కొత్తగా గది తీసుకునే మన హాస్టల్ పిల్లలకు అందజేయండి. మా సామానులో మూకుడు, పెంక ఇప్పుడు బాగా నల్లబడి మంచి పదునులో ఉన్నాయి. ముగ్గురిలో ఎవరికి ముందు ఉద్యోగం వస్తే వాళ్ళ వాటా మన హాస్టల్ నుంచి వచ్చే తమ్ముళ్ళకు ఇవ్వాలని రాసుకున్నాం. మూకుడు కావాలనుకునేవాళ్ళు ముందుగా చెప్పి ఉంచండి. కడిగి, నూనె రాసి ఇస్తాం.